నల్ల కోటుకు నీలం దారం

కోటు మాస్టారు దారం కొసను నాలుకతో తడిపి, సూదిని వెలుతురుకెత్తి ఒక్క పోటుకే ఎక్కించేవాడు. కంట్లో శుక్లం ముదిరి నాలుగు పోట్లు పడుతున్నా, సూదినే తిట్టాడు తప్ప కంటిని ఒక్క మాట అనలేదు. చివరికి ఆపరేషన్ చేసి లెన్సు పెట్టారు. చుక్కల మందు గడువు తీరి మళ్ళీ మిషనెక్కిన రోజు, ఆపరేషనుకు ముందు సగం కుట్టి వదిలిన నల్ల కోటు తీశాడు. కుట్టంతా నీలం దారం.

"ఇదేంటే?" అన్నాడు, పక్కన గుండీలు కుడుతున్న భార్యతో.

"రెండేళ్ళుగా ఇదే వరస. మీరు భోజనానికి లేవగానే విప్పి నేను కుడుతున్నా. ఆసుపత్రి హడావిడిలో ఇదొక్కటే మిగిలిపోయింది."

"చెప్పడానికి నోరు పడిపోయిందా?"

"చెబితే కత్తెర నా మీదికొచ్చేది."

మాస్టారు వేలాడుతున్న కోట్లను ఒక్కొక్కటే కిటికీ దగ్గరికి తెచ్చి చూశాడు. 'పనితనం పిసరంతైనా తగ్గలేదు మాస్టారూ' అని అందరూ మెచ్చుకున్న ఆ కుట్టు తనది కాదు. తన కుట్టుకంటే సన్నగా, తిన్నగా ఉంది.