ఫకీర్ మియా ఎనిమిది గంటల బస్సు

ఫకీర్ మియా చూస్తుండగా నారాయణఖేడ్‌లో ఏదీ ప్రకటన లేకుండా బయల్దేరేది కాదు. ముప్పై ఏళ్లు బస్టాండులో కంట్రోలర్‌గా మైకు పట్టుకున్న మనిషి. రిటైరైన రోజున మైకు తీసుకున్నారు గానీ గొంతు తీసుకోలేకపోయారు. ఇంటికొచ్చిన చుట్టాలు చెప్పుల్లో కాళ్లు పెడుతుంటే చాలు, గుమ్మంలో నిలబడి "నాగల్‌గిద్ద పోయేవారు సామాన్లు చూసుకోగలరు" అనేవాడు. ఒకసారి తెలుగులో, ఒకసారి ఉర్దూలో, సరిహద్దు ఊళ్లవాళ్లుంటే మూడోసారి కన్నడంలో. తమ్ముడి కొడుకు పెళ్లి ఊరేగింపునైతే ఆపి మరీ బయల్దేరే టైము చెప్పాడు.

టైము దగ్గర ఆయనకు పెళ్లామైనా ఒకటే, పరాయివాళ్లైనా ఒకటే. పెళ్లైన కొత్తలో ఆబెదా పుట్టింటికని రెండు నిమిషాలు ఆలస్యంగా బస్టాండు చేరింది. బస్సు గేటు దాటుతోంది. మొగుడు చెయ్యెత్తితే ఆగేదే. ఆయన చెయ్యెత్తలేదు సరికదా, "మనూర్ బస్సు వెళ్లిపోయినది" అని ఆమె మొహం చూస్తూ మూడు భాషల్లో చెప్పాడు. పప్పులో ఉప్పు తక్కువైందని ఆయన అన్న ప్రతిసారీ ఆబెదా ఆ బస్సును మళ్లీ బయటికి తీసేది.

2012లో ఆయన గుండెకే టైము తప్పింది. బజార్లో కళ్లు తిరిగి పడిపోయాడు. హైదరాబాద్‌లో పేస్‌మేకర్ అమర్చి, ఇంటికి పంపేటప్పుడు ఒక తెల్ల పెట్టె ఇచ్చారు. మంచం పక్కన పెడితే గుండె సంగతి సెల్‌ఫోన్ సిగ్నల్ మీద అక్కడి దవాఖానకు చేరుతుందన్నారు.

చేరుతుందంటే ఆబెదా నమ్మాలి కదా. పెట్టెను పట్టించుకోకుండా, ఆయన చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ కూర్చునేది. పొయ్యి మీద పాలు పొంగి మంట ఆరినా లేచేది కాదు. ఆయన తుమ్మితే ఆమె ప్రాణం పోయినంత పనయ్యేది. పది రోజులకు ఇద్దరిలో రోగి ఎవరో చూసేవాళ్లకు తెలియకుండా పోయింది.

అప్పుడు ఫకీర్ మియా కొత్త నియమం చెప్పాడు. ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదింటికి పెట్టె ముందు హాజరీ వేయించుకోవాలి, లేకుంటే వార్త కదలదు. ఆ రోజు స్నానం చేసి, పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కుని, అత్తరు రాసుకుని కూర్చునేవాడు. "నారాయణఖేడ్ నుండి హైదరాబాద్ పోవు గుండె మరికొద్ది క్షణాల్లో బయల్దేరును" అని మూడు భాషలూ అయ్యాక, ఆబెదా పెట్టె మీది మీట నొక్కి "రైట్" అనాలి. పచ్చ బత్తి వెలిగేది. ఇక వారమంతా ఆమెకు నిశ్చింత. పాలు పొంగడం ఆగింది, ఆమెకు నిద్ర పట్టింది.

ఒకసారి పక్కింటి మొగులప్ప తానూ నొక్కుతానని ముచ్చటపడ్డాడు.

"కండక్టర్ కాకుండ వేరేటోళ్లు రైట్ చెప్తే బండి కదుల్తదా?" అని ఫకీర్ మియా అతన్ని కూర్చోబెట్టాడు.

ఇలా ఐదు నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఆబెదా మనూర్‌లో కూతురు సిద్రా దగ్గరికి వెళ్లింది. సోమవారం పొద్దున్నే తిరిగి బయల్దేరితే, షేర్ ఆటో నిండితే గానీ కదలనన్నాడు డ్రైవరు. చూస్తుండగా ఎనిమిది దాటింది. ఆబెదా ఆటో దిగుతూ ఎక్కుతూ ఉంది. సాగనంపడానికి వచ్చిన సిద్రా గబగబా దవాఖాన నంబరు కలిపి ఫోన్ చేతికిచ్చింది. అవతల గ్రేసమ్మ అనే నర్సు.

మీట నొక్కలేదని, గుండె సంగతి మీకు అందలేదని, ఇప్పుడేం చేయాలని ఆబెదా ఏడుపు గొంతుతో అడిగింది.

"మీటతోని పనిలేదమ్మా. గా పెట్టె రోజూ దానంతటదే పంపుతది. ఇయ్యాల్టిది గూడ చూసిన, మంచిగుంది."

"మరి మీట ఎందుకున్నది?"

"పెట్టె నడుస్తుందా లేదా చూసుకునేందుకు, గంతే. మొదటి రోజే మీ ఆయనకు చెప్పిన. పది రోజులకు ఫోన్ చేసి, మా బేగం మస్తు పరేషాన్ అయితుంది, ఆమె చేతికి ఏదన్న పని చెప్పు అని అడిగిండు. మీట నొక్కితే పచ్చ బత్తి వస్తదన్న. ఇగ గది సాలు అన్నడు."

ఆబెదా ఆటోలో కూలబడింది. గుండె మీది బండ దిగిపోయింది. ఏమైందమ్మీ అని సిద్రా కంగారుపడుతుంటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడమే సరిపోయింది.

ఇల్లు చేరేసరికి పది. ఫకీర్ మియా ఖాకీ చొక్కాతో పెట్టె ముందు కదలకుండా కూర్చున్నాడు. పక్కన మొగులప్ప మూడో చాయ్ తాగుతున్నాడు.

"మొగులప్పతోని నొక్కిస్తే అయిపోతుండె గదా. ఇంతసేపు ఎందుకు కూసున్నరు?" అంది ఆబెదా.

"కండక్టర్ రాలే. బస్సు ఆపిన" అన్నాడాయన.

ముప్పై ఏళ్లలో మంత్రి బంధువు కోసం కూడా నిమిషం ఆపని మనిషి రెండు గంటలు ఆపాడు. ఆబెదా ఫోన్ మాట ఎత్తలేదు. పెట్టె దగ్గర కూర్చుని మీట మీద వేలుంచి ఎదురుచూసింది. తెలుగు అయింది, ఉర్దూ అయింది. ఎలాగూ ఆలస్యమైందని ఆయన అక్కడితో ఆపాడు.

"కన్నడంల చెప్పలే ఇంకా" అంది. అదీ చెప్పించుకున్నాకే "రైట్" అంది.

ఆ మధ్యాహ్నం పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు ఫకీర్ మియా. ఆబెదా లేచి ఉప్పు డబ్బా తెచ్చి ముందు పెట్టింది. మనూర్ బస్సు సంగతి మాత్రం ఎత్తలేదు.