పిక్కలు చూసే మాస్టారు

మా డ్రిల్లు మాస్టారు ఆటగాణ్ణి ఆటలో చూసేవారు కాదు. సంతలో ఎద్దును బేరమాడే రైతులాగా పిక్కలు నొక్కి చూసి, "ఇదప్పా కాలంటే!" అనేవారు. ఆయన బంతిని తన్నగా చిత్తూరులో ఎవరూ చూసి ఎరగరు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది మద్రాసు మిల్లు ఒకటి మా కాలేజీకి మనిషిని పంపింది. వాళ్ళ ఫుట్‌బాల్ జట్టుకు మైదానం మధ్యలో ఉండి బంతిని అందరికీ పంచే సెంటర్ హాఫ్ కావాలి. ఎంపికైనవాడికి మిల్లులో ఉద్యోగం కూడా ఇస్తారు. మాస్టారు వారం రోజులు ఆ చోటుకు పోటీపడ్డ మా నలుగురి పిక్కలూ నొక్కి, వరుస జాబితా రాశారు. మొదటి పేరు నాది. చివరిది నగరి నేతవాళ్ళ అబ్బాయిది.

"ఉద్యోగం నీదేప్పా. పెట్టె సర్దుకో పో," అన్నారు నాతో. నేను నిజంగానే సర్దుకున్నాను.

మద్రాసాయన జాబితాను మడిచి జేబులో పెట్టుకుని, అరగంట మా ఆట చూసి నగరి అబ్బాయిని పిలిచాడు. మాస్టారు పరుగెత్తుకెళ్ళారు.

"వాని కాళ్ళు సూడండి సార్, కొంగ కాళ్ళు! వాడు యాడ నిలబడతాడు?"

"బంతి రాకముందే దాన్ని ఎవరికివ్వాలో అతనికి తెలుసు. మీ మొదటివాడు బంతి వచ్చినాక ఆలోచన మొదలుపెడతాడు," అన్నాడాయన.

అందరూ వెళ్ళిపోయాక మాస్టారు నా భుజం తట్టి, "మద్రాసోల్లకు ఆట తెలీదులే అబ్బా," అన్నారు.

జిల్లా మొత్తంలో ఆట తెలిసినవాళ్ళం మేమిద్దరమేనని నేను చాలా ఏళ్ళు నమ్మాను.