తగ్గిందన్నారు

మా బావ కూరగాయల మార్కెట్లో వేలం పాట పాడేవాడు. అసలు పేరు ఎవరికీ పట్టదు, అందరికీ ఆయన పాటగాడే. తెల్లారకముందే టమాటా పెట్టెల మధ్య నిలబడి గొంతెత్తాడంటే, గేటు బయట లారీ దించుతున్న హమాలీలకు కూడా ధర ఎంత పలికిందో తెలిసిపోయేది. నేను అదే షెడ్డులో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి. "బావా, నువ్వు గుసగుసలాడితే ఊరంతా లేచి కూర్చుంటుంది" అని ఏడిపించేవాణ్ణి. "కుళ్ళుకోరా, నీ కాటాకి నోరు లేదుగా" అనేవాడు.

అలాంటి గొంతు బొంగురుపోయింది. మార్కెట్లో బొంగురుపోని వాడెవడు గనక? ఎవరికి తోచిన మందు వాళ్ళు చెప్పారు. ఉప్పునీళ్ళు పుక్కిలించమని ఒకరు, మిరియాలు నమలమని ఒకరు. సందు చివర మందుల షాపువాడు దగ్గుమందు సీసాల మీద సీసాలు ఇచ్చాడు. టమాటా సీజను పోయింది, ఉల్లి సీజను వచ్చింది, గొంతు మాత్రం రాలేదు. చివరికి నేనూ అక్కా కలిసి పట్నం పెద్దాసుపత్రికి లాక్కెళ్ళాం. రెండు బస్సులు మారాలి.

డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. "క్యాన్సరేనండీ. కానీ భయపడకండి, మొదట్లోనే వచ్చారు. కరెంటు పెడితే, అదే రేడియేషన్, పోతుంది. రోజూ రావాలి, అన్నీ పెట్టించుకోవాలి" అంది.

బావ ఒక్కటే అడిగాడు. "నేను మళ్ళీ పాట పాడగలనా అమ్మా?"

"పాడగలరు. గొంతు పోకూడదనేగా ఆపరేషన్ వద్దంటున్నాను!"

ఆ మాట పట్టుకుని బావ అన్నీ ఓర్చుకున్నాడు. ముఖానికి బిగుతుగా తొడుగు వేసి బల్లకు బిగించేవారు. కొన్నాళ్ళకు మెడ కమిలి నల్లబడింది. మంచినీళ్ళు మింగాలన్నా కళ్ళనీళ్ళు తిరిగేవి. ఆసుపత్రి వసారాలో వరస ఎప్పుడూ గోడ మలుపు దాటి ఉండేది. ఇంకా సగం కరెంటు మిగిలి ఉండగానే మిషను పాడైంది. బాగయ్యాక ఫోను చేస్తామన్నారు.

విచిత్రమేమిటంటే, అప్పటికే గొంతు విచ్చుకోవడం మొదలైంది. ఆ రోజు డాక్టరమ్మ లేదు. ఒక కుర్ర డాక్టరు గొంతులోకి గొట్టం పెట్టి చూసి, "బాగా తగ్గిందండీ" అన్నాడు. ఆ తర్వాత ఇంకేమైనా అన్నాడేమో కూడా. అక్క అప్పటికే దణ్ణం పెట్టేసి గుమ్మం దాటింది.

మనకు జ్వరం తగ్గిందంటే పోయినట్టే. దగ్గు తగ్గిందంటే పోయినట్టే. ఆయన చెప్పింది పుండు చిన్నదైందని. మేం విన్నది జబ్బు వదిలిందని. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. బస్సులో పక్క సీటామెకు కూడా అక్క ఆ మాట చెప్పుకుంటూ వచ్చింది.

కొన్నాళ్ళకు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. అక్కే ఎత్తింది. "మా ఆయనకు తగ్గిపోయిందమ్మా. పాపం అక్కడ ఎంతమంది పడిగాపులు పడుతున్నారో, మా వంతు వాళ్ళకిచ్చెయ్యండి" అంది. మంచి పని చేశానన్న తృప్తి ఆమె మొహంలో కనిపించింది. బావ పక్కనే కూర్చుని తలూపాడు.

మర్నాడే షెడ్డులో పాట మొదలైంది. రైతులు ఈలలు వేశారు. ఆ సీజనంతా ఆయన గొంతు పాతదానికన్నా బాగుందని నేనే పదిమందితో అన్నాను. మళ్ళీ జీర వచ్చినప్పుడు, "ఆగకుండా అరుస్తుంటే రాదా మరి" అనుకున్నాం. మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే గొంతులో ఈల. అప్పటికిగానీ పట్నం బస్సెక్కలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

డాక్టరమ్మ గొంతు చూసి, పాత చీటీ ముందుకు లాక్కుంది. "ఎందుకు మానేశారండీ? సగంలో ఎందుకు మానేశారు?"

అక్క బిత్తరపోయింది. "మీ డాక్టరుగారే తగ్గిందన్నారు కదమ్మా!"

ఆవిడ నుదురు పట్టుకుని కూర్చుండిపోయింది. ఎవరిని తిట్టాలో ఆమెకూ తోచలేదు, నాకూ తోచలేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పోయే జబ్బు, దక్కే గొంతు. రెండూ చేతిదాకా వచ్చాయి. ఇప్పుడిక స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి, మెడకు చేసిన రంధ్రంలోంచే ఊపిరి తీసుకోవాలి అంది డాక్టరమ్మ. ప్రాణం దక్కుతుందట. బావ గోడవైపు చూస్తూ సరేనన్నాడు. ఆయన నోటి నుంచి నేను విన్న ఆఖరి మాట అదే.

మనిషి దక్కాడు. ఇప్పుడు నా పక్కనే కూర్చుని కాయలు ఏరి వేరు చేస్తాడు. పాట ఇంకెవడో పాడుతున్నాడు. ఇంట్లో అక్క వంటింట్లోంచి ఏదైనా అడిగితే మంచం పట్టెను వేలితో కొడతాడు. ఒకసారి కొడితే ఔనని, రెండుసార్లు కొడితే కాదని.

మొన్న సాయంత్రం నేను గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే లోపల్నుంచి అక్క గొంతు వినిపించింది.

"ఏమయ్యా, ఆ రోజు ఫోన్లో నేనలా అనకపోతే, నువ్వు మిగతా కరెంటుకి వెళ్ళేవాడివేనా?"

నేను చెప్పు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆయన ఒకసారీ కొట్టలేదు, రెండుసార్లూ కొట్టలేదు. అక్క పొయ్యి కట్టేసి మళ్ళీ అడిగింది.