అక్కతో అనుకున్న ప్రయాణం

హిమాచల్ కొండల్లోని ఆ నేషనల్ పార్కుకు పోదామన్నది మా అక్కే. నేను మట్టెవాడలో ఒక బడిలో సోషల్ చెప్తాను. పాఠం కోసం ఫోన్‌లో ఆ పార్కు వీడియో చూస్తుంటే అక్క వెనక నిలబడి తనూ చూసింది. రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి రెండు రోజులు నడిస్తే గాని లోపలికి చేరలేమట.

"అక్కడ బండ్లు పోవా?" అని అడిగింది.

"పోవక్కా. కరెంటు గూడ లేదంట."

"అయితె సప్పుడే ఉండది. ఒక్కసారి పోయొద్దామే."

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్కే. కొత్తవాడలో పవర్‌లూమ్ షెడ్డులో ముప్పై ఏళ్లుగా మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. ఆ పనితోనే నన్ను బీఎడ్ దాకా చదివించింది, తను పెళ్లి చేసుకోలేదు. మగ్గాల మోతకు ఇంట్లో కూడా గట్టిగా మాట్లాడటం అలవాటైపోయింది. మేడారం జాతరకు తప్ప ఎక్కడికీ వెళ్లింది లేదు.

దసరా సెలవులకు వెళ్దామనుకున్నాం. రైలు టికెట్లు తీసుకున్నాను, అక్కడి గైడ్‌తో ఫోన్‌లో మాట్లాడాను. అక్క మొదటిసారి బూట్లు కొనుక్కుంది. చీర కింద అవి వేసుకుని, ఎవరైనా చూస్తారేమోనని ఇంట్లోనే అటూ ఇటూ తిరిగేది.

నడక అలవాటు కావాలని ఆదివారాలు పద్మాక్షి గుట్ట ఎక్కేవాళ్లం. మూడో వారం అక్క సగం మెట్ల దగ్గరే కూర్చుండిపోయింది. దగ్గు ఆగడం లేదు.

"జర ఆగవే. దమ్మొస్తాంది."

"ఈడనే కూసుంటె అక్కడ రెండు దినాలు ఎట్ల నడుస్తవు? చాతకాదని ముందే చెప్పరాదు?" అన్నాను.

తను లేచి, మెట్టుమెట్టుకూ ఆగుతూ పైదాకా వచ్చింది. నేను ముందు నడిచాను. వెనక్కి తిరిగి చూడలేదు.

పార్కులోకి వెళ్లాలంటే డాక్టర్ సర్టిఫికెట్ కావాలని గైడ్ చెప్పాడు. దాని కోసమే దవాఖానకు వెళ్లాం. డాక్టర్ చాలాసేపు అక్క వీపు మీద స్టెత్ పెట్టి విన్నారు. ఏం పని చేస్తావమ్మా అని అడిగి, స్కాన్ రాశారు. ముప్పై ఏళ్ల నూలు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడైపోయాయన్నారు. కొండలు కాదు కదా, మెట్లు కూడా ఎక్కొద్దన్నారు.

బయటికి వచ్చాక అక్క, "నువ్వు పోయి రా చెల్లె. ఒచ్చినంక నాకు చెప్పు" అంది. నేను పోనన్నాను.

దసరా నాటికి మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ వచ్చింది. మేము బయలుదేరాల్సిన రోజు సాయంత్రం అక్క ముక్కు మీది గొట్టం సర్దుకుని, "ఇయ్యాల యాడున్నం?" అని అడిగింది. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చెప్పాను.

"రైల్ల ఉన్నమక్కా. నాగపూర్ దాటినం."

మర్నాడూ అడిగింది. ఢిల్లీలో దిగామన్నాను. ఆ తర్వాతి రోజు, బస్సు కొండల్లోకి పోతోందన్నాను.

"సలి పెడ్తాందా?"

"పెడ్తాందక్కా."

దుప్పటి కప్పుమంది. నడక మొదలుపెట్టాల్సిన రోజు మాత్రం ఏమీ అడగలేదు. నేనే చెప్తూ కూర్చున్నాను. పొద్దుగూకక ముందే పోయింది.

దినాలయ్యాక షెడ్డుకు వెళ్లి, అక్కతో కండెలు చుట్టిన ఆడవాళ్లను పరీక్ష చేయించుకొమ్మని బతిమాలాను. ఇద్దరు వస్తామన్నారు. అక్క పక్కన కూర్చుని పనిచేసినామె మాత్రం కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతూ, "తెలిసినంక ఏం జెయ్యాలె టీచరమ్మా? పని బంద్ జేస్తె ఇల్లెట్ల గడుస్తది?" అంది.

మర్నాడు ఆ ఇద్దరినే ఆటో ఎక్కించుకుని దవాఖానకు తీసుకెళ్లాను.