గోదాముకొచ్చిన డీజిల్ బండి

పందొమ్మిదివందల అరవైల్లో నేను గుడివాడలో ఒక బియ్యం మిల్లుకి గోదాము గుమస్తాని. మా యజమాని విశాఖపట్నం రేవులో వాడి వదిలేసిన డీజిల్ ఫోర్క్‌లిఫ్టును కొనుక్కొచ్చారు, నడపడానికి ఒక డ్రైవర్నీ పెట్టుకున్నారు. ముందు రెండు ఇనుప కొమ్ములు, వెనక ఒక పొగగొట్టం. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, మెడ లేకపోయినా దండ వేశారు. ఏళ్ల తరబడి బస్తాలు మోస్తున్న ముఠాకి మాత్రం ఒక్కనాడైనా మజ్జిగ పోయించిన పాపాన పోలేదు.

ముఠాలో పన్నెండు మంది. అందరూ పామర్రు రోడ్డు పక్క పల్లెల క్రైస్తవులు. ఆదివారం ప్రార్థన అయ్యేదాకా బస్తా ముట్టరు. యజమానికి కడుపుమంట అదే.

"చూడవయ్యా, దీనికి ఆదివారం లేదు, పండగ లేదు. డీజిల్ పోస్తే చాలు, కరెంటు ఉన్నా లేకపోయినా నడుస్తుంది. ఇక ఆ ముఠాతో పనేంటి మనకి?" అన్నారు. నేను తలూపాను. తలూపడమే నా ఉద్యోగం.

అబద్ధమెందుకు, దానికి బలం ఉంది. పది బస్తాలు ఒక్కసారే ఎత్తి దొంతర మీద పెట్టేది. కానీ ఆ చప్పుడుకి పక్కవాడి మాట వినపడేది కాదు. నూనె కారి గోనెసంచులకు అంటేది. బయట నల్లరేగడి కాస్త తడిస్తే చక్రాలు దిగబడేవి. అప్పుడు దాన్ని లాగడానికి ముఠాయే కావాలి!

వానాకాలంలో ఒక ఆదివారం పొద్దున్నే యజమాని బండి చేత దొంతరలు సర్దించమన్నారు. జల్లుకి బియ్యం తడుస్తాయని తలుపులు వేయించారు. వేసింది నేనే. పొగ ఎటు పోతుందని అడగడానికి నాకు నోరు రాలేదు. కొంతసేపటికి బండి లోపల ఒకేచోట మొరుగుతోంది. తలుపు తోస్తే కళ్లు మండే పొగ. డ్రైవరు స్టీరింగు మీద వాలిపోయి ఉన్నాడు.

యజమాని గుమ్మంలోనే నిలబడి, "ముందు బండి ఆపండయ్యా, డీజిల్ దండగ!" అన్నారు.

అప్పుడే ప్రార్థన ముగించుకుని తెల్లబట్టల్లో పనికొచ్చిన ముఠా మేస్త్రి, ముక్కుకి కండువా చుట్టుకుని లోపలికి దూకాడు. తన పొట్ట కొట్టడానికి వచ్చినవాణ్ణి భుజాన వేసుకుని బయటికి తెచ్చి పడుకోబెట్టాడు.

"ఊపిరాడతందండి గుమస్తాగారూ, కాసిని నీళ్లు పట్రండి" అన్నాడు. డ్రైవరు బతికాడు. నేను సిగ్గుతో చచ్చాను.

మర్నాడు యజమానికి జ్ఞానోదయం అయింది. బండికి గాలి కావాలట! మూడు గోడలకూ కిటికీలు పెట్టించాలన్నారు. లోపల ఉక్కకి తట్టుకోలేక మేస్త్రి అదే గాలి కోసం ఎన్నోసార్లు బతిమాలితే, "మీకు కిటికీలెందుకురా" అన్న మనిషే. గునపాలు ముఠా చేతికే ఇచ్చారు. వారం రోజులు వాళ్లే గోడలు పగలగొట్టారు. పని పూర్తయిన రోజున, ఇక రావద్దని చెప్పే పని నాకు అప్పగించారు. చెప్పాను.

మేస్త్రి అంతా విన్నాడు. కొత్త కిటికీ దగ్గర నిలబడి చెమట తుడుచుకుంటూ, "గాలి బాగా వస్తందండి" అన్నాడు.