చూద్దాంగారి సర్వర్

ఏ విషయాన్నీ ఒక్కపట్టాన తేల్చకపోవడంలో మా చూద్దాంగారిని మించినవాళ్లు లేరు. బస్సు టికెట్లు అమ్మే మా కంపెనీలో సర్వర్లన్నీ ఆయనే చూసేవారు. ఏమడిగినా "చూద్దాం" అనేవారు కనక ఆ పేరే స్థిరపడిపోయింది. దువ్వెన కొనడానికెళ్లి, ఏది మంచిదో తేల్చుకునేలోగా ఆయనకి జుట్టే ఊడిపోయిందని వాళ్లావిడ చెప్పేది.

ఆయన పక్క సీట్లో పనిచేసిన ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

అలాంటాయనకి, డేటాబేస్ పెట్టబోయే కొత్త సర్వర్ మీద, దాన్ని నడిపించే లినక్స్ సాఫ్ట్‌వేర్‌లో ఏ రకం ఎక్కించాలో తేల్చే పని పడింది. లినక్స్‌లో రకాలు వందలు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది!

మేనేజరు రోజూ వచ్చేవాడు.

"ఆ కొత్తరకం బావుందటగా?"

"బావుంది సార్. కానీ ఆర్నెల్లకోసారి మారిపోతుంది. డేటాబేస్‌ది కాపురమండీ, విడిది కాదు."

"పోనీ ఆ రెండోది?"

"అందులో పేర్లని వరసలో పెట్టే పద్ధతి మార్చేశారు. టికెట్ కొన్నవాడి పేరు వెతికితే దొరక్కపోతే? చూద్దాం."

ఇంకోదాని లోగోలో బొమ్మ మరీ నవ్వుతోందన్నారు. డేటాబేస్ దగ్గర నవ్వులాటలేంటన్నారు. మేనేజరు జుట్టు పీక్కున్నాడు. పాత సర్వర్ మూలుగుతూనే నెలలు నెట్టుకొచ్చింది.

ఆ డేటాబేస్ చూసే, ఆఫీసులో మేమంతా అక్కా అని పిలిచే ఆవిడ అప్పుడు పెద్ద ఆపరేషనై సెలవులో ఉంది. ఓ సోమవారం చేతికర్ర ఊతంగా మెల్లిగా నడుచుకుంటూ వచ్చింది. ఆవిడింకా కూర్చోనేలేదు, చూద్దాంగారు మేనేజరు గదిలోకి దూరారు.

"తేల్చేశాను సార్. మన పాతరకంలోనే కొత్త వెర్షన్."

"ఇన్నాళ్లు తిప్పి పాతదేనా! మొదట్లోనే చెప్పొచ్చుగా?"

"దాని సంగతి తెలిసింది అక్కకే. ఆవిడ లేకుండా దాన్నెవరు చూస్తారు సార్?"

"అందుకేగా కొత్తది పెట్టమన్నాను! అది తెలిసిన మనిషిని సిద్ధంగా కూడా ఉంచాను."

"అవును సార్. ఎవరి కుర్చీలో?"

తలుపు తెరిచే ఉంది. మేనేజరు పెన్ను కోసం సొరుగంతా వెతికాడు. పెన్ను అతని జేబులోనే ఉంది.

అక్క అంతా విన్నది. "నాకోసమా బాబాయ్, ఇన్నాళ్లు లాగారు?"

"నీకోసమేంటమ్మా! మిగతావి నాకు నచ్చలేదు."

ఆ మధ్యాహ్నం సర్వర్ గదిలో అక్క దాన్ని ఎక్కిస్తుంటే, ఆయన పక్కనే ఖాళీ అట్టపెట్టె మీద కూర్చుని, గోడకి ఆనుకుని నిద్రపోయారు. గదినిండా ఫ్యాన్ల హోరు, దాన్ని మించి ఆయన గురక. అక్క నవ్వాపుకుంటూ, చప్పుడు కాకుండా ఒక్కో మీటే నొక్కింది.