జానకీదేవి టీచరు చివరి సంధి

జానకీదేవి టీచరుకు సగంలో వదిలేసిన పని అంటే ఒళ్లు మంట. తమిళనాట, హార్బరు దగ్గరి తొండియార్‌పేటలోని ఒక తెలుగు బడిలో ముప్పై రెండేళ్లుగా చరిత్ర చెబుతోందామె. ఈ జూన్ ఆఖరుకు రిటైరు. ఆమె చోట్లో ఇంకెవరినీ వేయడం లేదు. పదో తరగతిలో మిగిలిన తొమ్మిదిమందినీ తమిళ సెక్షన్‌లో కలిపేందుకు హెడ్‌మాస్టరు కోదండరాం కాగితం సిద్ధం చేసేశాడు. పోయేలోగా మొదటి ప్రపంచ యుద్ధాన్ని శాంతి దాకా చెప్పి తీరాలని టీచరు పంతం.

ఆమె పద్ధతే వేరు. పిల్లలే దేశాలు. ఒప్పందం ఉన్న దేశాల మణికట్లకు పూలు కట్టే దారం ముడేస్తుంది. ఆస్ట్రియా సెర్బియా మీదికి కదిలిందంటే చాలు, ఒకరినొకరు లాక్కుని క్లాసు క్లాసంతా బెంచీల మధ్య పడుతుంది. 1914లో జర్మన్ ఓడ మన హార్బరు చమురు ట్యాంకుల మీద గుండ్లు కురిపించిన సంగతి వచ్చినప్పుడు, కిటికీ తెరిచి ఆ వైపు చూపిస్తుంది. కందకాలు, ఆకలి, అమెరికా దిగడం, రష్యా తప్పుకోవడం అన్నీ అయ్యాయి. సంధి ఒక్కటే మిగిలింది. పీరియడూ ఒక్కటే మిగిలింది.

సరిగ్గా ఆ పీరియడ్‌కే వీడ్కోలు సభ పెట్టాడు కోదండరాం. సంధికి పరీక్షలో రెండు మార్కులే, పిల్లలు గైడులో చదువుకుంటారులెమ్మని నచ్చజెప్పబోయాడు.

"యుద్ధం మధ్యలో పిల్లోళ్లను వదిలేసి నేను ఆడికి రాను సార్. శాలువా కాసేపు ఆగుతుందిలే," అని ఆమె క్లాసుకు నడిచింది.

గెలిచిన దేశాలను బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. జర్మనీ అయిన సునయనను వరండాలో నిలబెట్టింది. ఏ నేల ఎవరికి, పరిహారం ఎంత అన్నది వాళ్లు రాసుకున్నాక, లోపలికి పిలిచి సంతకం పెట్టమంది. ఏటా జర్మనీ అయిన పిల్లలు నవ్వుతూ పెట్టేసేవాళ్లు. సునయన పెన్ను ముట్టుకోలేదు.

"నన్ను ఎవురూ ఒక మాట అడగలేదే టీచర్. నేను లేకుండానే ఈడ అంతా రాసేసినారే."

ఇరవై ఏళ్ల తర్వాత ఇంకో యుద్ధం ఎలా వచ్చిందో టీచరు చెప్పాలనుకున్న మాటలన్నీ ఈ పిల్ల ఒక్క ముక్కలో చెప్పేసింది. కోదండరాం కాగితం గుర్తొచ్చింది. తనూ దాన్ని చూసి ఊరుకున్నందుకు సిగ్గేసింది.

గంట కొట్టగానే తొమ్మిదిమందినీ వెంటబెట్టుకుని సభకు వెళ్లింది. కోదండరాం శాలువా విప్పి ముందుకొచ్చాడు. ఆమె తల వంచలేదు.

"సెక్షన్ మూసే కాగితం తెప్పించండి సార్. ముందు వీళ్లను అడగండి. నాకు శాలువా తర్వాత."